షికాగో పాత థియేటర్లు: బయట ఫొటో తీసుకుని వచ్చేయకండి, లోపల కూర్చోండి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. జూన్‌లో అమ్మగారు, నాన్నగారు నేపర్‌విల్‌లో మీ దగ్గరికి వస్తున్నారు. నాన్నగారు తణుకులో ముప్ఫై ఏళ్లు సినిమా హాల్లో ఆపరేటర్‌గా చేశారు. అమ్మగారికి మోకాళ్ల నొప్పులు. విల్లీస్ టవర్ ఎక్కడం కన్నా ఇక్కడి పాత థియేటర్లు, పాత కట్టడాలు చూడాలని ఆయనకు ఉందట, రెండు రోజుల్లో ఏవి చూపించాలని అడిగారు. ఇరవై నాలుగేళ్లుగా ఈ ఊళ్లో ఉంటున్నాను. అందులో చాలా ఏళ్లు నా ఆఫీసు ఊరి నడిబొడ్డున, లూప్ అనే పేటలోనే. మధ్యాహ్నం భోజనం వేళ నడుస్తూ నడుస్తూ ఈ భవనాలన్నీ లోపలికి వెళ్లి చూసినవాణ్ని. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు ఒక మాట. మా నాన్నగారు వచ్చినప్పుడు ఆయన్ను కారులో స్టేట్ స్ట్రీట్ మీద తిప్పాను. షికాగో థియేటర్ బోర్డు కింద నిలబెట్టి ఫొటో తీశాను, అక్కణ్నుంచి సరాసరి ఇంటికి తీసుకొచ్చేశాను. డబ్బు కట్టి లోపలికి వెళ్లి చూడొచ్చని నాకు అప్పట్లో తెలియదు. ఆయన మళ్లీ రాలేకపోయారు. ఆ ఫొటో మా ఇంట్లో ఇప్పటికీ ఉంది, చూసినప్పుడల్లా మనసు కలుక్కుమంటుంది. మీరు ఆ పొరపాటు చేయకండి. థియేటర్ అన్నది కూర్చుని చూడాల్సిన కట్టడం. రెండు రోజుల్లో పది చోట్లకి తిప్పకండి. నాలుగైదు చోట్లయినా సరే లోపలికి తీసుకెళ్లి, కుర్చీలో కూర్చోబెట్టి, తల పైకెత్తి చూడనివ్వండి. అమ్మగారి మోకాళ్లకూ అదే మంచిది.

ఒక రోజు తప్పకుండా పనిదినం అయ్యేలా చూసుకోండి. లూప్‌లో పాత ఆఫీసు భవనాల లాబీలు శని, ఆదివారాల్లో చాలావరకు మూసి ఉంటాయి. కారు వద్దు, పార్కింగ్‌కే బోలెడు డబ్బు, బోలెడు తలనొప్పి. నేపర్‌విల్‌లో మెట్రా లోకల్ రైలు ఎక్కితే బి.ఎన్.ఎస్.ఎఫ్. లైను నేరుగా యూనియన్ స్టేషన్‌కి తెస్తుంది. ఆ స్టేషన్ పెద్ద హాలు కూడా చూడదగ్గదే. చెక్క బెంచీలు, ఎత్తైన గాజు కప్పు, 1925లో తెరిచారు. అమ్మగారు అక్కడే ఒక పావుగంట కూర్చుని బయల్దేరొచ్చు.

అక్కణ్నుంచి నది దాటి లసాల్ స్ట్రీట్ మీద ఉన్న రూకరీ భవనానికి వెళ్లండి. అమ్మగారు నడవలేకపోతే టాక్సీలో ఐదు నిమిషాలు. 1888లో బర్న్‌హామ్, రూట్ అనే ఇద్దరు ఆర్కిటెక్టులు కలిసి కట్టారు. బయటి నుంచి చూస్తే బరువైన ఎర్రటి కోటలా ఉంటుంది. లోపలికి అడుగుపెడితే గాజు కప్పు కింద తెల్లని వెలుగు. ఆ లాబీని 1905లో ఫ్రాంక్ లాయిడ్ రైట్ అనే పేరున్న ఆర్కిటెక్టు తిరగ దిద్దాడు, తెల్లని పాలరాతి మీద బంగారు గీతల నగిషీలు ఆయనవే. ఈ స్థలానికి ఇంకో కథ ఉంది. 1871 అక్టోబరులో షికాగో తగలబడింది. సుమారు 300 మంది చనిపోయారు, లక్ష మంది ఇళ్లు కోల్పోయారు. నిప్పుకు తట్టుకున్న ఒక పాత ఇనుప నీళ్ల ట్యాంకు ఈ స్థలంలో మిగిలింది. ఊరి మొదటి పబ్లిక్ లైబ్రరీని 1873లో ఆ ట్యాంకులోనే పెట్టారు. తగలబడిన ఊరికి ఇంగ్లండు నుంచి దానంగా వచ్చిన వేల పుస్తకాలు దాని గోడల వెంట అరల్లో పేర్చారు. పక్కనే తాత్కాలిక నగర కార్యాలయం. దాని మీద పావురాలు గుంపులుగా వాలేవి. పక్షుల కొలువు అన్న అర్థంలో జనం దాన్ని రూకరీ అన్నారు, ఆ పేరే ఈ భవనానికి వచ్చింది.

రెండు వీధుల అవతల మొనాడ్నాక్ ఉంది. నగిషీ అన్నది లేని భవనం, చాలామంది పట్టించుకోకుండా దాటిపోతారు. ఉత్తరం సగం 1891 నాటిది. పదహారు అంతస్తులూ ఇటుక గోడల మీదే నిలబడ్డాయి, కింద గోడ మందం ఆరు అడుగులు. దక్షిణం సగం రెండేళ్ల తర్వాత ఉక్కు చట్రంతో కట్టారు. అక్కడ గోడలు పలచన, కిటికీలు పెద్దవి. ఒకే భవనంలో నడుస్తూ నడుస్తూ పాత కాలం నుంచి కొత్త కాలంలోకి అడుగుపెట్టినట్టు ఉంటుంది. కింది అంతస్తు కిటికీ దగ్గర నిలబడి గోడ లోతు మీద చెయ్యి పెట్టి చూడమనండి. మన పెంకుటిళ్ల మట్టిగోడలు చూసిన పెద్దవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది.

అక్కణ్నుంచి తూర్పుకు, ఒకప్పుడు కాంగ్రెస్ వీధి అన్న ఇప్పటి ఐడా బి. వెల్స్ డ్రైవ్ మొదట్లో ఆడిటోరియం థియేటర్. ఈ ఊళ్లో ఒక్క థియేటరే చూపించే వీలుంటే నేను దీన్నే చూపిస్తాను. డాంక్‌మార్ ఆడ్లర్, లూయిస్ సల్లివన్ అనే ఆర్కిటెక్టుల జంట కట్టింది. 1889 డిసెంబరు 9న తెరిచారు. ఆ రాత్రి అమెరికా అధ్యక్షుడు బెంజమిన్ హారిసన్ వచ్చాడు, ఆపెరా గాయని అడెలినా పాటీ పాడింది. అప్పట్లో నాలుగు వేలకు పైగా సీట్లు. ఈ హాలు కట్టించాలన్న పట్టు ఫెర్డినాండ్ పెక్ అనే వ్యాపారిది. కార్మికుల గొడవలతో ఊరు అట్టుడికిపోతున్న రోజులవి. సంగీతం డబ్బున్నవాళ్ల సొత్తు కాకూడదని ఆయన పట్టుబట్టాడు. అందుకే న్యూయార్క్ ఆపెరా హాళ్లలో ఉన్నట్టు గుర్రపు లాడం ఆకారంలో సంపన్నుల బాక్సులు ఉండవిక్కడ. ఉన్న కొద్ది బాక్సులూ పక్కలకు నెట్టేశారు. చూపు బాగా అందే మధ్య స్థలమంతా మామూలు సీట్లకే. పైన చివరి వరస దాకా వేదిక మీది మాట స్పష్టంగా వినపడుతుంది. అది ఆడ్లర్ పనితనం. మైకు, స్పీకరు లేని రోజుల్లో లెక్కలు వేసి, హాలును వేదిక నుంచి బయటికి విచ్చుకునే బాకా లాగా తీర్చిదిద్దాడు. నేల టికెట్టు, బెంచీ, కుర్చీ, బాల్కనీ అని మనుషుల్ని విడదీసిన హాల్లో ముప్ఫై ఏళ్లు పనిచేసిన మీ నాన్నగారికి ఈ హాలు వెనకున్న ఆలోచన ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

కప్పు మీద బంగారు రంగు కమానులు ఒకదాని వెనక ఒకటి వస్తాయి. వాటి నిండా బల్బులు, సుమారు మూడున్నర వేలు. మామూలుగా అందరూ బల్బును గాజు డోములో దాచే చోట సల్లివన్ బల్బును ఉన్నదున్నట్టు నగలా పొదిగాడు. కరెంటే వింతగా ఉన్న రోజులవి.

లాబీలో నడిచేటప్పుడు నేల కాస్త వాలుగా తగులుతుంది. అమ్మగారి చెయ్యి పట్టుకోండి. షికాగో కింద ఉన్నది మెత్తని బంకమన్ను, గట్టి రాయి చాలా లోతున ఉంటుంది. అందుకని దుంగలు, ఉక్కు పట్టాలు, కాంక్రీటు కలిపి తెప్పలాంటి పునాది వేసి ఇంత బరువునూ దాని మీద నిలబెట్టారు. పునాది లెక్కలు అయ్యాక బయటి గోడలకు అనుకున్నదానికన్నా బరువైన రాయి వాడాలని నిర్ణయం మారింది. దాంతో గోడలు లెక్కకు మించి కుంగాయి, కొన్నిచోట్ల రెండు అడుగులకు పైనే. భవనం చెక్కుచెదరలేదు గానీ వాలు మిగిలిపోయింది.

థియేటర్ ఖర్చును థియేటరే మోయలేదని పెక్‌కు మొదటే తెలుసు. అందుకే చుట్టూ హోటలు, ఆఫీసు గదులు కట్టి, ఆ అద్దెలతో హాలును నడిపించాలనుకున్నాడు. కొన్నేళ్లు నడిచింది. తర్వాత హోటలు పాతబడింది, అద్దెలు పడిపోయాయి, 1941లో థియేటర్ మూతపడింది. యుద్ధకాలంలో సైనికుల విశ్రాంతి కేంద్రంగా వాడుకున్నారు, వేదిక మీద బౌలింగ్ ఆట పట్టాలు పరిచారు. 1946లో రూజ్‌వెల్ట్ విశ్వవిద్యాలయం భవనాన్ని కొన్నా, హాలు ఇంకో ఇరవై ఏళ్లు చీకట్లోనే ఉంది. ఊరి జనం చందాలు పోగుచేశారు, హ్యారీ వీస్ అనే ఆర్కిటెక్టు మరమ్మతు పని నడిపించాడు, 1967 అక్టోబరు 31న మళ్లీ తెర లేచింది. ఇవాళ మీరు కొనే టికెట్టు వెనక ఆ చందాలు ఉన్నాయి. ఇక్కడ గైడ్ టూర్లు ఉంటాయి, అన్ని రోజులూ ఉండవు. తేదీ చూసుకుని ముందే బుక్ చేయండి. మెట్లు ఎక్కలేని పెద్దావిడ వస్తున్నారని ఫోన్ చేసి చెప్పండి, లిఫ్ట్ ఎక్కడిదాకా వెళ్తుందో వాళ్లే చెబుతారు. ఆ వారంలో ఏ డాన్స్ ప్రదర్శనో, కచేరీయో ఉంటే టూరు మానేసి దానికే టికెట్టు కొనండి. పై గ్యాలరీ చవగ్గానే దొరుకుతుంది గానీ చాలా నిటారుగా ఉంటుంది. అమ్మగారికి కింది సీటే మేలు.

ఆ మధ్యాహ్నం ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్. బొమ్మలన్నీ చూడాలని పెట్టుకోకండి, రోజు చాలదు. మీరు వెళ్లేది రెండు పనుల మీద. మొదటిది మీకు తెలిసే ఉంటుంది. 1893 సెప్టెంబరు 11న వివేకానందుడు మాట్లాడింది ఈ భవనంలోనే. మ్యూజియం ఇంకా తెరవకముందే, కొత్తగా కట్టిన ఈ భవనంలో సర్వమత మహాసభలు జరిగాయి. ఆయన నిలబడిన తాత్కాలిక హాలు ఇప్పుడు లేదు. ఆ తర్వాత ఆ భాగంలో ఫుల్లర్టన్ హాల్ వచ్చింది. ముందున్న మిషిగన్ అవెన్యూ ముక్కకు స్వామి వివేకానంద వే అని గౌరవ నామం ఉంది, బోర్డు కోసం స్తంభాల మీద వెతకండి. మన పెద్దవాళ్లకు ఈ ఒక్క మాట తప్పక చెప్పండి. షికాగో రావడానికి కొన్ని నెలల ముందు, 1893 ఫిబ్రవరి 13న, పాశ్చాత్య దేశాలకు తాను ఎందుకు వెళ్లాలనుకుంటున్నాడో ఆయన సికింద్రాబాదులో, మహబూబ్ కాలేజీలో సభ ముందు చెప్పాడు. ఆ కాలేజీ భవనం ఇప్పటికీ ఉంది. సికింద్రాబాదు నుంచి ఈ మెట్ల దాకా ఉన్న ఆ దారి మా అమ్మకు చెప్పినప్పుడు చెప్పులు విడిచి నిలబడింది.

రెండో పని, అదే భవనంలో వెనకవైపు ఉన్న పాత స్టాక్ ఎక్స్ఛేంజ్ ట్రేడింగ్ రూమ్. ఇదీ ఆడ్లర్, సల్లివన్ పనే, 1894 నాటిది. మూల భవనాన్ని 1972లో కూల్చేశారు. ఆ ఒక్క గదిని ముక్కలుగా తీసి, రంగుల అచ్చులు వెతికి, ఇక్కడ తిరిగి నిలబెట్టారు. దాని గుమ్మం తోరణం మ్యూజియం వెనక, మన్రో, కొలంబస్ వీధుల మూల మీద ఒంటరిగా నిలబడి ఉంటుంది. ఆ గది ముందు నిలబడితే నాకు ఎప్పుడూ రిచర్డ్ నికెల్ గుర్తొస్తాడు. ఫొటోగ్రాఫరు. సల్లివన్ భవనాలు ఒక్కొక్కటీ కూలుతుంటే, ఫొటోలు తీస్తూ, నగిషీ పలకలు చేత్తో ఊడదీసి దాచుకుంటూ తిరిగాడు. 1960లో గారిక్ థియేటర్ కూల్చొద్దని ప్లకార్డు పట్టుకుని వీధిలో నిలబడ్డాడు. 1961లో దాన్ని కూల్చి కార్ల పార్కింగ్ కట్టారు. పదకొండేళ్ల తర్వాత, 1972 ఏప్రిల్‌లో, సగం కూలిన స్టాక్ ఎక్స్ఛేంజ్‌లోకి ఇంకొన్ని ముక్కలు తెచ్చుకుందామని వెళ్లాడు. లోపలి భాగం కూలి మీద పడి అక్కడే చనిపోయాడు. గ్రేస్‌ల్యాండ్ శ్మశానంలో, సల్లివన్ సమాధికి దగ్గరలోనే ఆయన్ను పాతిపెట్టారు. గారిక్ నుంచి మిగిలిన తోరణం ముక్కలు ఇప్పుడు వెల్స్ స్ట్రీట్‌లో సెకండ్ సిటీ కామెడీ థియేటర్ ముఖద్వారం మీద ఉన్నాయి. దారిలో పడితే కారు ఆపి చూడండి.

మన దగ్గర ఎన్ని హాళ్లు కల్యాణ మండపాలయ్యాయి, ఎన్ని షాపింగ్ కాంప్లెక్సులయ్యాయి, ఎన్నిటి ఫొటో కూడా ఎవరి దగ్గరా లేదు! మీ నాన్నగారు పనిచేసిన హాలు ఫొటోలు, టికెట్టు ముక్కలు, లైసెన్సు కాగితాలు ఇంట్లో ఏవైనా ఉంటే ఈ ప్రయాణంలోనే స్కాన్ చేయించి పెట్టండి.

రెండో రోజు స్టేట్ స్ట్రీట్, రాండాల్ఫ్ స్ట్రీట్. దీనికి శనివారమైనా పర్వాలేదు. పొద్దున్నే కల్చరల్ సెంటర్‌కి వెళ్లండి. ట్యాంకులో మొదలైన ఆ లైబ్రరీకి 1897లో కట్టిన సొంత ఇల్లు ఇది. ప్రవేశం ఉచితం, లిఫ్టు ఉంది, బాత్‌రూములు శుభ్రంగా ఉంటాయి, కూర్చోవడానికి కుర్చీలు ఉంటాయి. పెద్దవాళ్లతో తిరిగేవాళ్లకు వీటి విలువ తెలుసు. మూడో అంతస్తు దక్షిణం వైపు హాల్లో టిఫానీ కంపెనీవాళ్ల రంగు గాజు గుమ్మటం. 38 అడుగుల వ్యాసం, సుమారు 30,000 గాజు ముక్కలు. చేప పొలుసుల్లా పేర్చి ఉంటాయి, నడినెత్తిన రాశుల గుర్తులు. గోడల నిండా ముత్యపు చిప్పలు, రంగు గాజులతో మొజాయిక్. ఉత్తరం వైపు ఇంకో గుమ్మటం ఉంది, 2022లో మరమ్మతు పూర్తయింది. చాలామంది మొదటిది చూసి దిగిపోతారు, రెండోదీ చూడండి. ఇంటి నుంచి పులిహోర, పెరుగన్నం తెచ్చుకుంటే ఎదురుగా మిలీనియం పార్కులో చెట్టు కింద కూర్చుని తినొచ్చు. జూన్‌లో కూడా సరస్సు మీది గాలి చల్లగా తగులుతుంది, అమ్మగారికి శాలువా ఉంచండి.

భోజనం అయ్యాక షికాగో థియేటర్. దీని వెనక ఉన్న మనుషుల కథ మీ నాన్నగారికి నచ్చుతుంది. బలబన్, కాట్జ్ అని రెండు యూదు కుటుంబాలు. బార్నీ బలబన్ సినిమా వ్యాపారంలోకి రాకముందు కోల్డ్ స్టోరేజ్ కంపెనీలో పనిచేశాడు. అప్పట్లో ఎండాకాలం వస్తే థియేటర్లు మూసుకునేవాళ్లు. ఉక్కలో కిటికీల్లేని హాల్లోకి ఎవరు వస్తారు? మాంసం, గుడ్లు చల్లగా ఉంచే యంత్రాలు జనాన్ని ఎందుకు చల్లగా ఉంచవని వీళ్లు ఆలోచించారు. 1917లో ఊరి పడమటివైపు కట్టిన సెంట్రల్ పార్క్ థియేటర్‌లో గాలిని చల్లబరిచే యంత్రం పెట్టించారు. ఎండలు మండే నెలల్లో హాలు కిక్కిరిసింది. ఏసీ హాలు అని గోడల మీద పెద్ద అక్షరాలు రాయించి మన ఊళ్లలో జనాన్ని రప్పించిన పద్ధతికి మూలం ఇక్కడుంది. ఆ లాభంతో 1921 అక్టోబరు 26న షికాగో థియేటర్ తెరిచారు. ఖర్చు 40 లక్షల డాలర్లు, సీట్లు సుమారు 3,600. ర్యాప్ అన్నదమ్ములు కట్టారు. ముఖభాగం పారిస్ విజయ తోరణంలా, లాబీ వెర్సై రాజప్రాసాదపు చాపెల్‌లా. మిల్లు కార్మికుడైనా కొన్ని సెంట్లు ఇచ్చి రాజులా మెట్లెక్కి వెళ్లాలన్నది వాళ్ల లెక్క.

1985లో ఇదీ మూతపడింది, కూల్చివేత అంచు దాకా వెళ్లింది. మరమ్మతు చేసి 1986 సెప్టెంబరులో ఫ్రాంక్ సినాట్రా కచేరీతో తిరిగి తెరిచారు. టూరులో లాబీ, హాలు, వేదిక చూపిస్తారు. పాడినవాళ్లు, ఆడినవాళ్లు వేదిక వెనక గోడల మీద చేసిన సంతకాలూ చూడొచ్చు. వేదిక మీద నిలబడి ఖాళీ సీట్ల వైపు చూడనివ్వండి ఆయన్ని. అన్నేళ్లూ హాలును వెనక గోడలోని చిన్న కిటికీలోంచి చూసిన మనిషికి, ఎదుటివైపు నుంచి చూడడం ఎలా ఉంటుందో ఆయనే చెప్పాలి. బయట బోర్డు మీద ఊరి పేరు వెనక వై ఆకారం ఒకటి కనిపిస్తుంది, అది షికాగో నది చీలికల గుర్తు. ఊళ్లో వంతెనల మీద, దీపస్తంభాల మీద కూడా అదే గుర్తు ఉంటుంది. ఒకసారి చెబితే ఇక అన్నిచోట్లా ఆయనే వెతుక్కుంటారు.

అక్కణ్నుంచి మూల తిరిగితే రాండాల్ఫ్ స్ట్రీట్‌లో నెదర్లాండర్ థియేటర్. 1926లో ఓరియెంటల్ అన్న పేరుతో కట్టింది. లోపల ఏనుగులు, దేవతామూర్తులు, తూర్పు దేశాల గురించి వాళ్లు ఊహించుకున్న బొమ్మలన్నీ ఉంటాయి. కానీ నేను మిమ్మల్ని అక్కడ ఆపేది ఆ నగిషీ కోసం కాదు. అదే స్థలంలో అంతకుముందు ఇరాక్వా థియేటర్ ఉండేది. 1903 నవంబరులో తెరిచారు. నిప్పంటుకోని హాలు అని ప్రకటనలు ఇచ్చారు. అదే ఏడు డిసెంబరు 30, క్రిస్మస్ సెలవుల మ్యాట్నీ. ఆడవాళ్లు, పిల్లలతో హాలు నిండిపోయింది. నిలబడి చూసేవాళ్లు కూడా వందల్లో ఉన్నారు. వేదిక పక్కన వెలుగుతున్న ఆర్క్ లైటు నుంచి నిప్పురవ్వ ఎగిరి తెరగుడ్డకు అంటుకుంది. ప్రొజెక్టరు దీపంలో కార్బన్ కడ్డీలు మార్చుకుంటూ పనిచేసిన ఆపరేటరుకు ఆ రవ్వ ఎలాంటిదో బాగా తెలుసు. మంటను అడ్డుకోవాల్సిన ఆస్‌బెస్టాస్ తెర సగంలో ఇరుక్కుపోయింది. వేదిక మీద పొగ పోయే కిటికీలు మూసి ఉన్నాయి. నటులు వెనక తలుపు తెరవగానే చలిగాలి విసురుగా లోపలికి కొట్టింది, మంట హాల్లోకి ఉండలా దూకింది. తలుపులు కొన్ని తాళం వేసినవి, కొన్ని లోపలికి తెరుచుకునేవి. చవక టికెట్టువాళ్లు కింది సీట్లలోకి దిగకుండా మెట్ల దగ్గర ఇనుప గేట్లు వేసి ఉన్నాయి. పైనున్నవాళ్లు ఆ గేట్ల దగ్గరే కుప్పగా పడిపోయారు. మొత్తం 602 మంది.

థియేటర్ వెనక కౌచ్ ప్లేస్ అనే సందు ఉంది. మంటలు తప్పించుకుని పై తలుపుల్లోంచి బయటికి వచ్చినవాళ్లు, దిగే దారి లేక ఆ సందులోనే పడ్డారు. పగటిపూట ఒక్క నిమిషం అక్కడ నిలబడండి. ఇవాళ ఏ హాల్లోనైనా తలుపులు బయటికి తెరుచుకుంటాయి, బయటికి దారి అని వెలిగే బోర్డు ఉంటుంది, ఒంటి బరువుతో నెడితే తెరుచుకునే అడ్డకడ్డీ ఉంటుంది. ఇవన్నీ ఈ ఒక్క మధ్యాహ్నం తర్వాత బలపడినవి. ఆ కడ్డీని తయారుచేయించిన కార్ల్ ప్రింజ్లర్ ఆ రోజు ఆటకు రావాల్సినవాడు, పని పడి రాలేకపోయాడు. మీ నాన్నగారు ఏటా అగ్నిమాపక శాఖవాళ్ల తనిఖీ గురించి కథలు చెబుతారు, చూడండి.

కారు తీసుకొచ్చే ఓపిక ఉంటే సాయంత్రం ఉత్తరానికి వెళ్తూ రెండు చోట్ల బయట నుంచి చూపించొచ్చు. లింకన్ అవెన్యూలో బయోగ్రాఫ్, 1914 నాటిది. 1934 జులై 22 రాత్రి, ఊరంతా ఉక్కతో ఉడికిపోతుంటే, బందిపోటు జాన్ డిలింజర్ చల్లని హాల్లో సినిమా చూసి బయటికి వచ్చాడు. పక్క సందు దగ్గర ఎఫ్.బి.ఐ. వాళ్లు కాల్చేశారు. రెండోది ఇంకా ఉత్తరాన, బ్రాడ్‌వే మీద అప్‌టౌన్ థియేటర్. 1925లో బలబన్, కాట్జ్ కట్టించినవాటిలోకెల్లా పెద్దది, 4,381 సీట్లు. 1981 డిసెంబరు నుంచి మూసే ఉంది. లోపల హీటరు ఆపేస్తే ఆ చలికాలం పైపులు గడ్డకట్టి పగిలిపోయాయి, నగిషీ అంతా నీళ్లపాలైంది. లోపలికి వెళ్లే వీల్లేదు. ఒక్కసారి దాని ముందు నిలబడి, ఆ పక్కనే ఇంకా నడుస్తున్న గ్రీన్ మిల్ సంగీతశాల బోర్డు వెలగడం చూసి వచ్చేయండి. ఎక్కువసేపు వద్దు, దిగులు పుడుతుంది.

ఆ రాత్రిని మాత్రం సౌత్‌పోర్ట్ అవెన్యూలో ఉన్న మ్యూజిక్ బాక్స్‌కి వదలండి. నా లెక్కలో ఈ రెండు రోజుల ప్రయాణమంతా దీని కోసమే. 1929 ఆగస్టులో తెరిచిన చిన్న హాలు, సుమారు 700 సీట్లు. మిగతావి మహళ్లయితే ఇది పెరడు. గోడలు ఇటలీ ఊళ్లలో ఇంటి ముంగిట్లా, కప్పు ముదురు నీలం ఆకాశం, అందులో మిణుకుమిణుకుమనే నక్షత్రాలు. వేసవి రాత్రి మన ఊళ్లో డాబా మీద పడుకున్నట్టుంటుంది. వారాంతాల్లో ఆటకు ముందు ఆర్గాన్ వాయిస్తారు. అన్నిటికన్నా ముఖ్యం, ఇక్కడ ఇంకా ఫిల్మ్ మీద సినిమాలు వేస్తారు. 35 ఎం.ఎం. మాత్రమే కాదు, 70 ఎం.ఎం. కూడా. మీ ప్రయాణం ఖాయమవగానే వాళ్ల షెడ్యూలు చూసి, పక్కన ఫిల్మ్ సైజు రాసి ఉన్న ఆట ఏదో వెతికి, ముందు ఆ టికెట్టు కొనండి. మిగతా రెండు రోజుల పథకం దాని చుట్టూ వేసుకోండి. ఏ సినిమా, ఏ భాష అన్నది పట్టించుకోకండి. అమ్మగారికి కథ మధ్యమధ్యలో చెవిలో చెప్పొచ్చు.

ఓ అరగంట ముందే వెళ్లండి. టికెట్టు చూసే అబ్బాయితో నాన్నగారు ఇండియాలో ముప్ఫై ఏళ్లు ఆపరేటర్‌గా చేశారని చెప్పండి. కేబిన్ చూడనిస్తారని హామీ ఇవ్వలేను, ఆట ముందు వాళ్ల పని వాళ్లకు ఉంటుంది. అడగడంలో తప్పేమీ లేదు, ఈ పనివాళ్లకు ఒకరి మీద ఒకరికి అభిమానం ఉంటుంది. కుదరకపోతే వెనక వరసల్లో, కేబిన్ కిటికీకి సూటిగా కింద కూర్చోబెట్టండి. దీపాలు ఆరగానే ఆయన తెర వైపు కాకుండా వెనక్కి తిరిగి వెలుగు ఎక్కణ్నుంచి వస్తుందో చూస్తారు. చూడనివ్వండి, ముందుకు తిరగమనకండి.